రచ్చ గెలిచి ఇంటికి

పాఠ్యభాగ ఉద్దేశం

ఒకసారి విడిచి వచ్చిన సంస్థకు తిరిగి వెళ్లడాన్ని లోకం తరచుగా వెనుకడుగుగా భావిస్తుంది. బయట ఆర్జించిన విద్యను, అనుభవాన్ని వెంటబెట్టుకొని వెళ్లినప్పుడు ఆ పునరాగమనం వ్యక్తికీ, సంస్థకూ అభ్యుదయ హేతువు కాగలదని డాక్టర్ ఏ.పి.జె. అబ్దుల్ కలాం ఉద్యోగ జీవితం ఆధారంగా విద్యార్థులకు తెలియజేయడం, వృత్తి జీవితాన్ని గురించి వివేకంతో ఆలోచించే దృష్టిని కలిగించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

ప్రక్రియా పరిచయం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. ఒక విషయాన్ని స్వీకరించి, దానిని క్రమపద్ధతిలో వివరించి, తగిన నిదర్శనాలతో సమర్థించే రచనను వ్యాసం అంటారు. ఇందులో జీవిత చరిత్రాంశాలు ఉన్నప్పటికీ ఇది జీవిత చరిత్ర కాదు. ఒక మహనీయుని జీవితంలోని ఒక మలుపును మాత్రమే తీసుకొని విశ్లేషించిన రచన.

పాఠ్యభాగం

'ఇంట గెలిచి రచ్చ గెలువు' అని పెద్దలంటారు. ముందు తనవారి మన్నన పొంది, ఆ తరువాతనే బయటివారి మెప్పు కోసం ప్రయత్నించాలని ఈ సామెత భావం. అయితే కొందరి జీవితాలలో ఈ క్రమం తారుమారవుతుంది. వారికి తొలి కొలువులో శక్తికి తగిన అవకాశం లభించదు. బయటకు వెళతారు. అక్కడ శ్రమిస్తారు, ఓడిపోతారు, గెలుస్తారు. ఆ తరువాత ఏదో ఒకనాడు పాత ఇంటి నుండి పిలుపు వస్తుంది. అప్పుడు ఆ మనిషి ముందు ఒక కఠినమైన ప్రశ్న నిలుస్తుంది. వెళ్లాలా, వద్దా? వెళితే "తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చాడు" అన్న మాట పడవలసి వస్తుందేమో! వెళ్లకపోతే తాను నేర్చిన విద్య దానికోసం ఎదురుచూస్తున్న చోట వినియోగపడకుండా పోతుందేమో!

1982లో డాక్టర్ అబ్దుల్ కలాం ఎదుట నిలిచినది ఇటువంటి ప్రశ్నయే. క్షిపణి శాస్త్రవేత్తగా, భారత రాష్ట్రపతిగా ఆయనను ఎరుగని వారుండరు. కానీ ఆయన ఇరవై సంవత్సరాల క్రితం విడిచిన సంస్థకే తిరిగి వెళ్లి, ఆ తరువాతనే క్షిపణి శాస్త్రవేత్తగా దేశమంతటా ప్రసిద్ధి పొందారన్న సంగతిని గమనించిన వారు తక్కువ.

కలాం 1931 అక్టోబర్ 15న తమిళనాడులోని రామేశ్వరంలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించారు. తిరుచిరాపల్లిలోని సెయింట్ జోసెఫ్ కళాశాలలో భౌతికశాస్త్రం చదివి, ఆపై మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో విమాన నిర్మాణ ఇంజనీరింగు అభ్యసించారు. యుద్ధ విమానం నడపాలన్నది ఆయన చిరకాల వాంఛ. డెహ్రాడూన్‌లో జరిగిన వాయుసేన ఎంపికలో ఎనిమిది మందిని తీసుకోగా ఆయన తొమ్మిదవ స్థానంలో నిలిచారు. ఆ నిరాశ తరువాత 1958లో రక్షణ మంత్రిత్వ శాఖకు చెందిన సాంకేతికాభివృద్ధి, ఉత్పత్తి విభాగంలో సీనియర్ సైంటిఫిక్ అసిస్టెంటుగా చేరారు. నెల జీతం 250 రూపాయలు. అదే సంవత్సరంలో రక్షణ పరిశోధన విభాగాలను కలిపి డి.ఆర్.డి.ఓ.ను ఏర్పాటు చేశారు. ఆ విధంగా ఆ మహాసంస్థ పుట్టుకతోనే కలాం ఉద్యోగ జీవితం కూడా ఆరంభమైంది.

కొద్ది కాలానికి ఆయన బెంగళూరులోని వైమానిక అభివృద్ధి సంస్థకు బదిలీ అయ్యారు. నేలను తాకకుండా గాలి దిండుపై తేలుతూ సాగే హోవర్‌క్రాఫ్ట్ అనే వాహనాన్ని స్వదేశంలోనే తయారుచేసే పని ఆయనకు అప్పగించారు. చేతిలో చిన్న బృందం, చూసి నేర్చుకొనడానికి నమూనా లేదు. అయినా వారు పట్టువిడువక ఆ వాహనాన్ని రూపొందించి దానికి 'నంది' అని పేరు పెట్టారు. నాటి రక్షణ మంత్రి వి.కె. కృష్ణమేనన్ స్వయంగా అందులో ప్రయాణించి ప్రోత్సహించారు. అయితే కృష్ణమేనన్ పదవి నుండి తొలగిన తరువాత ఆ ప్రాజెక్టుకు ఆదరణ కరవైంది. నంది మూలన పడింది. యౌవనంలో ఉన్న ఒక ఇంజనీరుకు తన తొలి కృషి ఫలించకపోవడం ఎంతటి వేదన కలిగిస్తుందో ఊహించవచ్చు.

ఆ దశలో టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ప్రొఫెసర్ ఎం.జి.కె. మేనన్ ఆ ప్రయోగశాలను సందర్శించారు. నందిని చూచి, అందులో విహరించి, దానిని నిర్మించిన యువకుని ప్రజ్ఞను గుర్తించారు. కొద్ది రోజులలోనే డాక్టర్ విక్రమ్ సారాభాయ్ నాయకత్వంలో ఏర్పడిన భారత జాతీయ అంతరిక్ష పరిశోధన సంఘం నుండి కలాంకు ఇంటర్వ్యూకు రమ్మని పిలుపు వచ్చింది. సారాభాయ్ ఆయనను రాకెట్ ఇంజనీరుగా ఎంపిక చేశారు. కలాం రక్షణ పరిశోధన రంగాన్ని విడిచి అంతరిక్ష పరిశోధన రంగంలో ప్రవేశించారు.

తిరువనంతపురం సమీపంలోని తుంబా అనే మత్స్యకార గ్రామం నుండి 1963 నవంబర్ 21న మన దేశపు తొలి పరిశోధక రాకెట్ నింగికెగిసింది. దాని భాగాలను జోడించే బాధ్యతలోను, భద్రతా బాధ్యతలోను కలాం పాలుపంచుకున్నారు. 1969లో ఇస్రో ఆవిర్భవించింది. ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టగల తొలి భారతీయ వాహకనౌక ఎస్.ఎల్.వి.-3 నిర్మాణానికి కలాం ప్రాజెక్టు డైరెక్టర్ అయ్యారు. నాలుగు దశలు, సుమారు 17 టన్నుల బరువు గల ఆ వాహకనౌకలోని వేలాది భాగాలు దేశం నలుమూలల గల ప్రయోగశాలల నుండి, కర్మాగారాల నుండి రావాలి. వాటన్నిటిని ఒక్క కాలక్రమంలో నడిపించడం ఒక మహావిద్య. ఆ విద్యను కలాం అక్కడ నేర్చుకున్నారు.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ఎస్.ఎల్.వి.-3 తొలి ప్రయోగం జరిగింది. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో నైట్రిక్ ఆమ్లం కారిపోవడంతో వాహకనౌక అదుపు తప్పి బంగాళాఖాతంలో కూలిపోయింది. ప్రయోగానికి ముందు కంప్యూటర్ హెచ్చరించినా, నిపుణుల సలహాతో ముందుకు సాగడానికే నిర్ణయించింది తానేనని కలాం తరువాతి కాలంలో పలు సభలలో చెప్పారు. అయితే ఆనాడు పాత్రికేయుల ముందుకు వచ్చి వైఫల్యానికి బాధ్యత వహించిన వారు ఇస్రో అధ్యక్షులు ప్రొఫెసర్ సతీష్ ధావన్. మరుసటి సంవత్సరం 1980 జూలై 18న రెండవ ప్రయోగం సఫలమై, 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలో ప్రవేశించింది. ఆనాడు మాత్రం ధావన్ పక్కకు తప్పుకొని, పాత్రికేయులతో మాట్లాడే గౌరవాన్ని కలాంకు అప్పగించారు. ఓటమి నాయకునిది, గెలుపు బృందానిది అన్న ఈ పాఠాన్ని కలాం జీవితాంతం స్మరించుకున్నారు.

ఇంతటి విజయం తరువాత 1981లో ఆయనకు పద్మభూషణ్ పురస్కారం లభించింది. ఇస్రోలో ఆయన స్థానం సుస్థిరమైంది. సరిగా ఆ సమయంలోనే పాత ఇంటి నుండి పిలుపు వచ్చింది.

ఇక్కడ మనం గమనించవలసిన అంశం ఒకటున్నది. 'ఏరు దాటి తెప్ప తగలేసినట్లు' అని లోకోక్తి. కొత్త కొలువు దొరకగానే పాత కొలువును నిందించి, తెంచుకొని పోయేవారిని ఉద్దేశించి ఈ మాట పుట్టింది. కలాం తెప్పను తగలేయలేదు. ఇస్రోలో పనిచేస్తున్న కాలంలోనే రక్షణ శాఖ క్షిపణుల అధ్యయనం కోసం ఏర్పరచిన సంఘంలో సభ్యుడిగా ఉన్నారు. తక్కువ దూరంలోనే యుద్ధ విమానాలు గాలిలోకి లేచేందుకు తోడ్పడే రాకెట్ మోటారును రూపొందించారు. 1972లో బరేలీ వైమానిక స్థావరంలో దానిని పరీక్షించారు. హైదరాబాదులోని రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాల, అనగా డి.ఆర్.డి.ఎల్., చేపట్టిన 'డెవిల్' అనే క్షిపణి ప్రాజెక్టును సమీక్షించిన సంఘంలోనూ ఆయన ఉన్నారు. ఈ విధంగా కలాం దూరంగా ఉన్నా పాత సంస్థకు పరాయివాడు కాలేదు. ఆ సంస్థ శక్తి ఏమిటో, లోపం ఏమిటో ఆయనకు తెలుస్తూనే ఉన్నది.

డి.ఆర్.డి.ఎల్. 1960వ దశకం ఆరంభంలో ఢిల్లీలో ఏర్పడి, 1962లో హైదరాబాదుకు తరలివచ్చింది. విదేశీ క్షిపణిని విడదీసి, దాని మర్మాన్ని గ్రహించి, దాని వంటిదానిని స్వయంగా తయారుచేయడం 'డెవిల్' లక్ష్యం. ఎన్నో ఏళ్లు శ్రమించిన పిదప 1980లో ఆ ప్రాజెక్టును నిలిపివేశారు. ప్రయోగశాలలో నిపుణులున్నారు, యంత్రాలున్నాయి, ద్రవ ఇంధన ఇంజను నిర్మించిన అనుభవమున్నది. కానీ ముందున్న లక్ష్యం చెదిరిపోయింది. ఏళ్ల తరబడి చేసిన పని ఆగిపోయినప్పుడు శాస్త్రవేత్తల మనస్సులలో నైరాశ్యం అలముకొనడం సహజం. బెంగళూరులో నంది మూలన పడిననాడు కలాం అనుభవించిన వేదన అటువంటిదే. ఆ ప్రయోగశాలకు కావలసినది జవసత్త్వాలు నింపగల నాయకుడు. నాటి రక్షణ శాఖ శాస్త్ర సలహాదారు డాక్టర్ రాజా రామన్న దృష్టి కలాంపై నిలిచింది.

ఆ పిలుపును అంగీకరించడం తేలిక కాదు. ఇరవై ఏళ్ల శ్రమతో తాను పెంచిన వృక్షం నీడలో విశ్రమించే అవకాశం ఇస్రోలో ఉన్నది. తరువాతి తరం వాహకనౌకల నిర్మాణం అక్కడ జరుగబోతున్నది. హైదరాబాదుకు వెళితే ఆ మహాకార్యంలో తనకు భాగం ఉండదు. పైగా వెళ్లబోయేది నిరాశలో ఉన్న ఒక ప్రయోగశాలకు. అక్కడ విజయం లభించకపోతే ఎస్.ఎల్.వి.-3 తెచ్చిన కీర్తి కూడా మసకబారవచ్చు. అయినను కలాం ఆ బాధ్యతను స్వీకరించారు. 1982 జూన్‌లో డి.ఆర్.డి.ఎల్. డైరెక్టరుగా పదవిని చేపట్టారు. సీనియర్ సైంటిఫిక్ అసిస్టెంటుగా రక్షణ పరిశోధనలో అడుగుపెట్టిన వ్యక్తి ఆ సంస్థలోని ప్రధాన ప్రయోగశాలలలో ఒకదానికి అధిపతిగా తిరిగివచ్చారు.

తిరిగివచ్చిన వారిలో సాధారణంగా రెండు దోషాలు కనిపిస్తాయి. "నేను బయట ఎంతో చూచి వచ్చాను, ఇక్కడివారికి ఏమీ తెలియదు" అన్న అహంకారం మొదటిది. "ఒకప్పుడు ఇక్కడ ఎలా ఉండేదో నేటికీ అలాగే ఉండాలి" అన్న మూర్ఖపు పట్టుదల రెండవది. కలాం ఈ రెండింటికీ లోనుకాలేదు. ఆయన మొదట చేసిన పని అక్కడివారి మాట వినడం. ప్రయోగశాలలో క్షిపణి సాంకేతిక సంఘాన్ని ఏర్పాటు చేశారు. పై అధికారులతో పాటు మధ్యస్థాయి శాస్త్రవేత్తలను, ఇంజనీర్లను కూడా నిర్ణయాలలో భాగస్వాములను చేశారు. ఏ క్షిపణులు దేశానికి అవసరం, ఏవి సాధ్యం, ఎంత కాలం పడుతుంది అన్న ప్రశ్నలకు వారి చేతనే సమాధానాలు రాబట్టారు. తామే వేసుకొన్న బాట గనుక ఆ బాటలో నడవడానికి అందరూ ఉత్సాహంతో ముందుకు వచ్చారు.

ఆ చర్చల ఫలితమే సమీకృత గైడెడ్ క్షిపణి అభివృద్ధి కార్యక్రమం. కలాం, నాటి శాస్త్ర సలహాదారు డాక్టర్ వి.ఎస్. అరుణాచలం కలిసి క్షిపణులను ఒకదాని తరువాత ఒకటిగా నిర్మించే ప్రణాళికను ప్రభుత్వం ముందుంచారు. రక్షణ మంత్రి ఆర్. వెంకట్రామన్ అన్నిటినీ ఏకకాలంలో ఎందుకు చేపట్టకూడదని ప్రశ్నించారు. వారు ఆ రాత్రికి రాత్రే ప్రణాళికను తిరగరాశారు. 1983 జూలైలో 388 కోట్ల రూపాయల వ్యయంతో ఆ కార్యక్రమం ప్రారంభమైంది. భూమి నుండి భూమికి ప్రయోగించే పృథ్వి, గగనతల రక్షణకు త్రిశూల్, ఆకాశ్, శత్రు ట్యాంకులను ఛేదించే నాగ్, అంతరిక్షం నుండి వాతావరణంలోకి తిరిగి ప్రవేశించే సాంకేతికతను పరీక్షించే అగ్ని అందులోని అంశాలు.

ఇస్రోలో నేర్చిన విద్య ఇక్కడ అక్కరకు వచ్చింది. ఒక్కొక్క క్షిపణికి ఒక్కొక్క ప్రాజెక్టు డైరెక్టరును నియమించి, వారికి పూర్తి స్వాతంత్ర్యం ఇచ్చారు. సైనికాధికారి అయిన కర్నల్ వి.జె. సుందరంకు పృథ్వినీ, ఆర్.ఎన్. అగర్వాల్‌కు అగ్నినీ అప్పగించారు. భారతీయ విజ్ఞాన సంస్థ, ఐ.ఐ.టి.లు, జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం వంటి విద్యాసంస్థలను భాగస్వాములుగా చేర్చుకున్నారు. అగ్రరాజ్యాలు క్షిపణి సాంకేతికత ఎగుమతిపై 1987లో ఆంక్షలు విధించినప్పుడు ఈ స్వదేశీ సహకారమే మనకు అండగా నిలిచింది.

1985లో త్రిశూల్, 1988 ఫిబ్రవరి 25న పృథ్వి తొలిసారిగా గగనతలాన్ని చీల్చుకుంటూ దూసుకుపోయాయి. అందరి చూపులూ అగ్నిపై నిలిచాయి. 1989 ఏప్రిల్ 20న ఒరిస్సా తీరంలోని చాందీపూర్‌లో ఏర్పాటుచేసిన ప్రయోగం చివరి క్షణాలలో ఆగిపోయింది. మే 1న రెండవ ప్రయత్నమూ ఆగిపోయింది. పత్రికలు పరిహసించాయి. వ్యంగ్య చిత్రాలు వెలువడ్డాయి. పదేళ్ల క్రితం బంగాళాఖాతంలో కూలిన వాహకనౌకను చూచిన మనిషికి ఈ ఎదురుదెబ్బలు కొత్త కాదు. ధావన్ తన పట్ల ఎలా ప్రవర్తించారో కలాం తన సహచరుల పట్ల అలాగే ప్రవర్తించారు. ఎవరినీ నిందించక, లోపాలను సరిదిద్దడానికి వ్యవధి ఇచ్చారు. 1989 మే 22న అగ్ని విజయవంతంగా ఎగిసింది.

ఆ అగ్ని నిర్మాణంలో ఒక విశేషమున్నది. దాని మొదటి దశ ఇస్రోలో కలాం బృందం నిర్మించిన ఎస్.ఎల్.వి.-3లోని ఘన ఇంధన మోటారు. రెండవ దశ పృథ్వి ఇంజను ఆధారంగా రూపొందిన ద్రవ ఇంధన దశ. ఆ పృథ్వి ఇంజనుకు మూలం ఆగిపోయిన 'డెవిల్' ప్రాజెక్టులో డి.ఆర్.డి.ఎల్. శాస్త్రవేత్తలు గడించిన అనుభవం. కలాం వెళ్లిన ఇంట నేర్చినది కింద నిలిచింది, పుట్టిన ఇంట మిగిలినది పైన నిలిచింది. రెండూ కలిస్తేనే అగ్ని లేచింది. కలాం బయటకు వెళ్లకపోయి ఉంటే మొదటి దశ మోటారును నిర్మించిన అనుభవం ఆయనకు దక్కేది కాదు. ఆయన తిరిగి రాకపోయి ఉంటే 'డెవిల్' శ్రమ ఒక విఫల ప్రయత్నంగానే చరిత్రలో మిగిలిపోయేదేమో!

పునరాగమనం తరువాత కలాం ఎదుగుదల ఆగలేదు. హైదరాబాదు శివార్లలో ఇమారత్ పరిశోధన కేంద్రం 1985లో శంకుస్థాపన జరుపుకొని ఆయన కృషితో రూపుదాల్చింది. 1992లో ఆయన రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా, డి.ఆర్.డి.ఓ. అధిపతిగా నియమితులై 1999 వరకు కొనసాగారు. 1997లో భారతరత్న పురస్కారం, 2002లో రాష్ట్రపతి పదవి ఆయనను వరించాయి. అగ్ని కోసం రూపొందించిన తేలికపాటి మిశ్రమ పదార్థంతో హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ వైద్యుల కోరికపై పోలియో బాధిత బాలలకు కాలి ఊతాలను తయారు చేయించారు. మూడు కిలోల బరువైన ఊతాలను ఈడ్చుకుంటూ నడిచే పిల్లలకు సుమారు 300 గ్రాముల ఊతాలు అందాయి. ఆ పిల్లలు సునాయాసంగా నడవడం చూచి తాను పొందిన ఆనందాన్ని కలాం ఎన్నో వేదికలపై చెప్పుకున్నారు.

అయితే ఈ కార్యక్రమంలో చేపట్టినవన్నీ ఒకే తీరుగా ఫలించలేదు. నాగ్, ఆకాశ్ అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కాలం తీసుకున్నాయి. త్రిశూల్ సైన్యంలో ఆయుధంగా స్థిరపడలేదు. 2008లో ఆ సమీకృత కార్యక్రమాన్ని ముగించేనాటికి అది సాంకేతిక ప్రదర్శనగానే మిగిలింది. తిరిగివచ్చిన వ్యక్తి ఎంతటి సమర్థుడైనా అతడు మంత్రదండం పట్టుకొని రాడు. సంస్థ నిలబడేది పలువురి నిరంతర కృషి మీదనే.

ఈ వృత్తాంతం నుండి మనం గ్రహించవలసిన సూత్రాలు మూడు. మొదటిది, వీడేటప్పుడు గౌరవంతో వీడాలి. మొదలుపెట్టిన పనిని సహచరులకు సక్రమంగా అప్పగించి, సంబంధాలను నిలుపుకొని వెళ్లిన వానికే తిరిగి పిలుపు వస్తుంది. రెండవది, వెళ్లిన చోట నిజంగా ఎదగాలి. జీతం పెరిగినంత మాత్రాన అది ఎదుగుదల కాదు. నిన్న చేయలేని పనిని నేడు చేయగలగడమే ఎదుగుదల. మూడవది, తిరిగివచ్చినప్పుడు వినయంతో రావాలి. తాను లేని కాలంలో ఆ సంస్థను మోసినవారు అక్కడ ఉన్నారన్న స్పృహ ఉండాలి.

పునరాగమనం ప్రతివారికీ తగినదని చెప్పడానికి వీలులేదు. కొత్త చోట ఎదురైన కష్టాన్ని తప్పించుకొనడానికి పాత నీడను వెతుక్కొనేవాడు అక్కడ కూడా నిలువలేడు. ఏ కారణం వలన ఒకనాడు విడిచివచ్చామో ఆ కారణం ఇంకా అక్కడే ఉన్నదా, తొలగిపోయిందా అని విచారించుకోవాలి. అవమానమో, అన్యాయమో కారణమై, అది నేటికీ కొనసాగుతున్న చోటికి తిరిగి వెళ్లవలసిన పనిలేదు. అవకాశం లేకపోవడం కారణమై, నేడు అవకాశం ఏర్పడితే సంకోచింప పనిలేదు.

సంస్థలకు కూడా ఇందులో నేర్చుకొనదగినది ఉన్నది. వెళ్లిపోయిన వానిని ద్రోహిగా చూచే సంస్థ తన తలుపులను తానే మూసుకొంటుంది. నేడు అనేక సంస్థలు తమ పూర్వోద్యోగులతో సంబంధాలు కొనసాగిస్తూ, తగిన సమయంలో వారిని తిరిగి ఆహ్వానిస్తున్నాయి. పద్ధతులు తెలిసినవాడు, పైగా బయటి లోకాన్ని చూచినవాడు లభించడం వాటికి లాభమే. అయితే ఆ ఆహ్వానం ఏళ్ల తరబడి అక్కడే ఉండి సేవ చేసినవారిని చిన్నబుచ్చే విధంగా ఉండరాదు. కలాం వచ్చిన తరువాత డి.ఆర్.డి.ఎల్.లోని పాతవారికి విలువ తగ్గలేదు సరికదా, వారి శ్రమకు తగిన గమ్యం దొరికింది. అందుచేతనే ఆ పునరాగమనం సఫలమైంది.

కలాం తిరిగివచ్చిన నాలుగేళ్లకు, 1986లో, నెల్లూరు జిల్లాకు చెందిన జి. సతీష్ రెడ్డి అనే యువ ఇంజనీరు ఆ ప్రయోగశాలలో చేరారు. 2018లో ఆయన డి.ఆర్.డి.ఓ. అధ్యక్షులయ్యారు. ఒక పునరాగమనం ఎందరికి మార్గం చూపిందో చెప్పడానికి ఇదొక నిదర్శనం. 2015 జూలై 27న కలాం పరమపదించారు. అదే సంవత్సరం హైదరాబాదులోని క్షిపణి పరిశోధన సముదాయానికి ఆయన పేరు పెట్టారు.

విద్యార్థులారా! మీలో చాలామంది కొద్ది సంవత్సరాలలో ఏదో ఒక కొలువులో చేరుతారు. కొందరు దానిని విడిచి మరొక చోటికి వెళతారు. వెళ్లేనాడు తెప్పను ఒడ్డున భద్రంగా కట్టి వెళ్లండి. ఆవలి తీరంలో మీరు నేర్చినది ఈవలి తీరంలో ఎవరికి ఎప్పుడు అవసరమవుతుందో ఎవరు చెప్పగలరు?

కఠిన పదాలు – అర్థాలు

అభ్యుదయం = అభివృద్ధి, మేలు
పునరాగమనం = తిరిగి రావడం
కొలువు = ఉద్యోగం
వాంఛ = కోరిక
ప్రజ్ఞ = తెలివి, నేర్పు
నైరాశ్యం = ఆశ లేకపోవడం
జవసత్త్వాలు = వేగము, బలము
సమీకృతం = ఒకటిగా కూర్చబడినది
కక్ష్య = గ్రహాలు, ఉపగ్రహాలు తిరిగే మార్గం
వృత్తాంతం = జరిగిన కథ
సునాయాసంగా = శ్రమ లేకుండా
సంకోచించు = వెనుకాడు

సామెతలు, జాతీయాలు

ఇంట గెలిచి రచ్చ గెలువు : ముందు తనవారిలో రాణించి తరువాత బయట రాణించాలి.
ఏరు దాటి తెప్ప తగలేయు : అవసరం తీరగానే సహాయపడిన దానిని మరచి నాశనం చేయడం.
మూలన పడు : ఎవరూ పట్టించుకోకుండా పోవడం.

వ్యాకరణాంశాలు

పునరాగమనం = పునః + ఆగమనం : విసర్గ సంధి
పూర్వోద్యోగులు = పూర్వ + ఉద్యోగులు : గుణ సంధి
సాంకేతికాభివృద్ధి = సాంకేతిక + అభివృద్ధి : సవర్ణదీర్ఘ సంధి
ప్రయోగశాల = ప్రయోగము కొరకు శాల : చతుర్థీ తత్పురుష సమాసం
జవసత్త్వాలు = జవమును, సత్త్వమును : ద్వంద్వ సమాసం

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. కలాం పునరాగమనం ఆయనకూ, సంస్థకూ ఏ విధంగా మేలు చేసిందో వివరించండి.
2. విడిచిన సంస్థకు తిరిగి వెళ్లేవారు పాటించవలసిన సూత్రాలను పాఠం ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఎస్.ఎల్.వి.-3 ప్రయోగాల సందర్భంగా సతీష్ ధావన్ ప్రవర్తన ఎటువంటిది?
2. అగ్ని క్షిపణి నిర్మాణంలోని విశేషం ఏమిటి?
3. కలాం 'తెప్పను తగలేయలేదు' అని రచయిత ఎందుకు అన్నారు?
4. తిరిగివచ్చిన వారిలో కనిపించే రెండు దోషాలు ఏవి?

III. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. కలాం బెంగళూరులో రూపొందించిన వాహనం పేరేమిటి?
2. రోహిణి ఉపగ్రహం కక్ష్యలో ప్రవేశించినది ఎప్పుడు?
3. కలాం డి.ఆర్.డి.ఎల్. డైరెక్టరుగా ఏ సంవత్సరంలో చేరారు?
4. పోలియో బాధిత బాలలకు అందిన కొత్త ఊతాల బరువు సుమారు ఎంత?

భాషా కార్యకలాపం

మీ గ్రామంలో లేదా పట్టణంలో ఒకసారి విడిచిన పనికి తిరిగివచ్చి రాణించిన వ్యక్తిని కలిసి, ఎందుకు వెళ్లారో, ఏమి నేర్చారో, ఎందుకు తిరిగివచ్చారో అడిగి తెలుసుకొని పది వాక్యాలలో రాయండి.